క్రాసు ప్రశ్న: మన మీదా, మన చేతిలోనూ

(గ్రామ కార్యకర్తల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఇవాళ ఒకే ఒక్క మాట గురించి మాట్లాడుకుందాం. క్రాస్ ఎగ్జామినేషన్. చట్టం పుస్తకాల తెలుగులో ప్రతిపరీక్ష అంటారు. కోర్టు మెట్లెక్కిన మనవాళ్లు మాత్రం "క్రాసు" అనే అంటారు. "ఫలానావాడు క్రాసులో నిలబడ్డాడు", "ఫలానావాడు క్రాసులో పడిపోయాడు". ఈ రెండు మాటల మధ్యే మన కేసులెన్నో తేలిపోతున్నాయి.

కోర్టులో సాక్షిని మూడు విడతలుగా అడుగుతారు. సాక్షిని పిలిపించిన పక్షం వకీలు ముందు అడుగుతాడు. అది చీఫ్. మన అట్రాసిటీ కేసుల్లో ఆ పని పబ్లిక్ ప్రాసిక్యూటరుది. తర్వాత ఎదుటి పక్షం వకీలు లేస్తాడు. అది క్రాసు. క్రాసులో ఏదైనా మాట తికమక అయితే దాన్ని తేటపరచటానికి మొదటి వకీలు మళ్లీ అడుగుతాడు. అది రీ ఎగ్జామినేషన్. 1872 సాక్ష్య చట్టం 137వ సెక్షన్ చెప్పింది ఇదే. 2024 జూలై 1 నుంచి దాని స్థానంలో భారతీయ సాక్ష్య అధినియం వచ్చింది. సెక్షన్ నంబరు 142 అయింది గానీ పద్ధతి మారలేదు.

చీఫ్‌లో జవాబును నోటికందించే ప్రశ్న వెయ్యకూడదు. "ఆ రోజు ఏం జరిగింది?" అనే అడగాలి. క్రాసులో అందించొచ్చు. "ఆ రోజు నువ్వు ఊళ్లోనే లేవు, అవునా?" అని అడగొచ్చు. అక్కడే మనవాళ్లు బెదురుతారు.

దెబ్బలు తిన్నదీ మనమే, ప్రశ్నలూ మనకేనా అని పల్లెల్లో అడుగుతున్నారు. న్యాయమైన కోపమే. కానీ రచ్చబండ పంచాయితీని గుర్తు చేసుకోండి. అక్కడ పెద్దమనిషి అడుగుతాడు, మనం తలగుడ్డ తీసి, చేతులు కట్టుకుని చెబుతాం. "మరి ఆ పొద్దు నువ్వెక్కడున్నావయ్యా?" అని ఆయన్ని తిరిగి అడిగే నోరు మనకుందా? లేదు. క్రాసు అంటే ఆ నోరే. ఎంతటి ఆసామి అయినా ప్రమాణం చేసి బోనెక్కాక అడిగినదానికి జవాబు చెప్పాల్సిందే.

మహద్ చెరువు సంగతి చూడండి. 1927లో బాబాసాహెబ్ అంబేద్కర్ ఆ చెరువు నీళ్లు తాగితే, సవర్ణులు కోర్టులో దావా వేశారు. అంటరానివాళ్లను అనాదిగా రానివ్వటం లేదు, అదే ఆచారం అన్నారు. ఊళ్లో అయితే ఆ మాటకు తిరుగులేదు. కోర్టులో మాత్రం రుజువు చెయ్యమన్నారు. చెయ్యలేకపోయారు. 1937 మార్చి 17న బొంబాయి హైకోర్టు అంబేద్కర్ పక్షానే తీర్పు చెప్పింది. "అనాదిగా" అన్న మాటను ప్రశ్న వేసి నిలదీసే చోటు ఒకటి ఉండబట్టే అది తేలింది.

ఇక ఆ ప్రశ్నే మన మీదికి వచ్చినప్పుడు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితుల్ని చంపారు. అక్కడి జనం పోరాడి కోర్టును తమ ఊరికే తెప్పించుకున్నారు. 2007 జూలై 31న ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది చొప్పున శిక్ష వేసింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందరినీ వదిలేసింది. చనిపోయిన వేళ, చోటు, కొట్టినవాళ్ల గుర్తింపు రుజువు కాలేదంది. ఆ సాక్షుల ధైర్యానికి వంక పెట్టే హక్కు ఎవరికీ లేదు. కానీ వేళ, చోటు, మనిషి అనే ఈ మూడింటి చుట్టూనే క్రాసు తిరుగుతుందని మనం గుర్తుపెట్టుకోవాలి.

అందుకని కొన్ని సంగతులు.

క్రాసు పోలీస్ స్టేషన్‌లోనే మొదలవుతుంది. అక్కడ చెప్పని మాట కోర్టులో చెబితే "ఇది పోలీసులకు చెప్పలేదుగా, ఇప్పుడు కల్పించావు" అంటాడు వకీలు. కాబట్టి ఫిర్యాదు చదివించుకుని వినండి. పేరు, తిట్టిన కులం తిట్టు, జరిగిన చోటు అన్నీ ఉన్నాయో లేదో చూసుకోండి. ఎఫ్ఐఆర్ నకలు ఉచితంగా ఇవ్వాలి. అడిగి తీసుకోండి.

గడియారం లేని మనిషి గంట చెప్పొద్దు. పశువులు ఇంటికి మళ్లే వేళ అయితే ఆ మాటే చెప్పండి. చూడనిది చూశానని, మనవాళ్ల మీది ప్రేమతోనైనా, ఒక్క ముక్క కలపొద్దు. కలిపిన ఒక్క అబద్ధం పట్టుకుని పది నిజాలను కొట్టేస్తారు. తెలియకపోతే తెలియదు, గుర్తు లేకపోతే గుర్తు లేదు. అందులో నామోషీ లేదు.

"చచ్చినవాడు నీ అన్న, అందుకే చెబుతున్నావు" అంటాడు. ఔను, మా అన్నే అనండి. బంధువైనంత మాత్రాన సాక్ష్యాన్ని తోసిపుచ్చకూడదని, సొంత మనిషి అసలు దోషిని తప్పించి ఇంకొకణ్ణి ఇరికించడం మామూలుగా జరగదని సుప్రీంకోర్టు 1953లోనే చెప్పింది.

చివర్లో వకీలు "నువ్వు అబద్ధం చెబుతున్నావు" అని గద్దిస్తాడు. అది తన పక్షం వాదనను మీ ముందు పెట్టడమే. "నిజం కాదు" అనండి, చాలు. అవమానించటానికే వేసే ప్రశ్నలను జడ్జి ఆపాలని చట్టం ఉంది. ప్రాసిక్యూటరు లేవకపోతే మీరే జడ్జిగారికి చెప్పుకోండి. రాసిన వాంగ్మూలం చదివి వినిపించమనండి. తప్పుంటే సంతకానికి ముందే చెప్పండి.

సాక్షి అడ్డం తిరగటం గురించి. దొర పొలంలో కూలి, దొర దగ్గర అప్పు ఉన్నవాణ్ణి తిట్టి లాభం లేదు. అట్రాసిటీ చట్టంలో 2016 నుంచి 15ఎ సెక్షన్ ఉంది. బాధితులకు, సాక్షులకు రక్షణ, దారి ఖర్చులు, పోషణ ఖర్చులు ఇవ్వటం ప్రభుత్వం బాధ్యత. వాటికి దరఖాస్తు పెట్టించడం, వాయిదా రోజున సాక్షిని ఒంటరిగా పంపకపోవటం సంఘం పని. సాక్ష్యం నేర్పటం మాత్రం మన పని కాదు. నేర్పిన సాక్ష్యం క్రాసులో మొదటి ప్రశ్నకే రాలిపోతుంది.

చివరి సంగతి. మనం కేసు పెట్టగానే వాళ్లు కౌంటర్ కేసు పెడతారు. అందులో ముద్దాయిలం మనమే, కాబట్టి అడిగేదీ మన వకీలే. ఎవరు ఎక్కడున్నారు, ఆ రోజు ఆస్పత్రిలో ఎవరున్నారు, పాత తగాదా ఏది, ఈ సంగతులు ఆయన చేతికి అందకపోతే ఆయన ఏం అడుగుతాడు? వకీలును పెట్టుకునే స్తోమత లేకపోతే, 1987 న్యాయ సేవల చట్టం కింద ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం వస్తుంది.

ఈ తరగతి నుంచి వెళ్లాక, మీ మండలంలో విచారణకు రానున్న కేసు ఒక్కటి పట్టుకోండి. సాక్షుల ఇళ్లకు వెళ్లండి. బోను ఎలా ఉంటుందో, ఎవరు ఎటు నిలబడతారో, ఎవరు ఎప్పుడు అడుగుతారో చెప్పండి. ఏం చెప్పాలో మాత్రం చెప్పకండి. అది వాళ్లు కళ్లారా చూసినదే.

జై భీమ్!