మేడ మీది స్టూడియో
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



పాత పాటల గురించి పది నిమిషాలు మాట్లాడమని కమిటీవాళ్లు అడిగారు. ఘంటసాలగారి గురించి చెప్తాననుకుని ఉంటారు. ఆయన గురించి నాకంటే బాగా చెప్పగల మన తెలుగు మాస్టారు ముందు వరసలోనే కూర్చున్నారు కనుక ఆ సాహసం చెయ్యను. ఇంజనీరుని కాబట్టి, ఒక ఇంజనీరు చేసిన పాట గురించి చెప్తాను. అది 1962 నాటి లండన్ పాట.

అప్పట్లో బ్రిటన్‌లో పాటంటే ఏడంగుళాల చిన్న రికార్డు. నిమిషానికి 45 చుట్లు. ఒక్కో వైపు ఒక్క పాట, రెండున్నర మూడు నిమిషాలు. ఏ రికార్డు ఎక్కువ అమ్ముడైందో వారం వారం పట్టిక వేసేవారు. క్లిఫ్ రిచర్డ్ ఏలుతున్న కాలమది. ఆయన పుట్టింది మన లక్నోలోనే, 1940లో. హెలెన్ షపీరో అనే స్కూలు పిల్ల 14 ఏళ్లకే పట్టికలో మొదటి స్థానానికి ఎక్కింది. బీటిల్స్ మొదటి రికార్డు 1962 అక్టోబరులో వచ్చి 17వ స్థానం దగ్గరే ఆగిపోయింది.

పెద్ద కంపెనీల స్టూడియోల్లో పద్ధతులు కట్టుదిట్టంగా ఉండేవి. మైకు పాటగాడికి ఇంత దూరంలో ఉండాలి, మీటరు సూది ఎర్ర గీత దాటకూడదు. నాకు ఆ మాట బాగా తెలుసు. ముప్ఫై ఏళ్లు నా ఉద్యోగమంతా సూదిని ఎరుపులోకి పోనివ్వకుండా చూడటమే.

ఆ సూదిని కావాలనే ఎరుపులోకి తోసినవాడు జో మీక్. 1929లో పుట్టాడు. వైమానిక దళంలో రాడార్ పని, తర్వాత కొంతకాలం ఎలక్ట్రిసిటీ బోర్డులో ఉద్యోగం. ఏ వాయిద్యమూ వాయించలేడు, స్వరాలు రాయలేడు. తోచిన వరస తనే టేపులో కూనిరాగం తీసి ఇచ్చేవాడు. అది ఏ శ్రుతిలో ఉందో కనిపెట్టడం వాయించేవాళ్ల తలనొప్పి. 1956లో హంఫ్రీ లిటిల్టన్ జాజ్ రికార్డు ఒకటి చేస్తూ పియానోను, డ్రమ్ములను ఆనాటికి ఎవరూ వినని విధంగా నొక్కి, బిగించి రికార్డు చేశాడు. లిటిల్టన్‌కు మొదట నచ్చలేదు. రికార్డు హిట్టయింది.

తర్వాత సొంత స్టూడియో. లండన్‌లో 304, హాలోవే రోడ్డు. కింద తోలు సామాన్ల దుకాణం, పైన అద్దెకు తీసుకున్న గదులు. ఒక గదిలో డ్రమ్ములు, ఇంకో గదిలో జో మీక్ యంత్రాలు, స్నానాల గదిలో పాటగాళ్లు, మెట్ల మీద వయొలిన్లు. ఎకో కోసం స్ప్రింగులతో పెట్టె తనే చేసుకున్నాడు. 1964లో హనీకూంబ్స్ అనే బృందం పాటకి మెట్ల మీద అందరిచేతా కాళ్లు తపతప కొట్టించి, సైకిల్ క్లిప్పులతో మైకుల్ని మెట్ల రెయిలింగుకి బిగించి రికార్డు చేశాడు. అదీ మొదటి స్థానమే. మన స్కూలు వార్షికోత్సవాల్లో మైకు కీచుమన్నప్పుడల్లా తిట్లు తిన్నవాడిని, నాకు ఈ సైకిల్ క్లిప్పుల ముచ్చట ఎన్నిసార్లు చెప్పినా తనివి తీరదు.

ఇక అసలు పాట. 1962 జూలై 10న టెల్‌స్టార్ ఉపగ్రహాన్ని ప్రయోగించారు. బరువు 77 కిలోలు. అట్లాంటిక్ అవతలి నుంచి టీవీ బొమ్మలు దాని ద్వారా ఇంగ్లండులోని గూన్‌హిల్లీ కేంద్రానికి వచ్చాయి. అది చూసి పులకించిన మీక్, ఉపగ్రహం పేరే పెట్టి, మాటలు లేని పాట కట్టి, టొర్నాడోస్ బృందం చేత వాయించాడు. ఆగస్టులో రికార్డు విడుదల. అక్టోబరులో బ్రిటన్‌లో మొదటి స్థానం, అయిదు వారాలు. డిసెంబరులో అమెరికాలోనూ మొదటి స్థానం. ఒక బ్రిటిష్ బృందం అక్కడ ఆ మెట్టెక్కడం అదే మొదలు. బీటిల్స్‌కి ఇంకో ఏడాది పైనే పట్టింది.

అందులో వరసను నడిపించే వాయిద్యం క్లావియొలైన్. వాల్వులతో నడిచే చిన్న కీబోర్డు, ఒకసారికి ఒక్క స్వరమే పలుకుతుంది. జెఫ్ గొడార్డ్ వాయించాడు. ఇది మనకి కొత్త వాయిద్యం కాదు. 1954 నాటి హిందీ సినిమా 'నాగిన్'లో పాములవాడి నాగస్వరంలా మోగింది ఇదే. అక్కడ వాయించింది కల్యాణ్‌జీ. ఇక్కడ పామును ఆడించింది, అక్కడ ఉపగ్రహాన్ని ఎగరేసింది.

డబ్బు మాత్రం మీక్‌కి అందలేదు. తన సినిమా సంగీతంలోంచి వరస ఎత్తుకున్నాడని ఫ్రెంచ్ సంగీత దర్శకుడు జాన్ లెద్రూ దావా వేశాడు. రాయల్టీ ఆగిపోయింది. అప్పులు పెరిగాయి, మనసు చెదిరింది. స్వలింగ సంబంధాలు ఇంగ్లండులో నేరంగా ఉన్న రోజులవి; 1963లో ఆ కారణంగా అరెస్టయ్యాడు, జరిమానా పడింది. ఎవరో తన గదుల్లో దొంగ మైకులు పెట్టారన్న అనుమానం పట్టుకుంది. 1967 ఫిబ్రవరి 3న ఇంటి యజమానురాలు వయొలెట్ షెంటన్‌ను తుపాకీతో కాల్చి, తనూ కాల్చుకున్నాడు. దావా ఆయన పోయాకే తేలింది.

ఈ భాగం ఇక్కడ చెప్పాలా వద్దా అని రాత్రంతా తటపటాయించాను. కానీ ఆమె పేరు వదిలేసి పాటను మాత్రం పొగిడితే నాకే తప్పనిపించింది. ఆ చప్పుళ్లన్నీ ఏళ్ల తరబడి కింద దుకాణంలో కూర్చుని భరించిన మనిషి ఆమె.

మీక్ వదిలి వెళ్లిన దాదాపు 2,000 టేపులు టీ పెట్టెల్లోకి ఎక్కి, దశాబ్దాలు పడి ఉన్నాయి. ఉపగ్రహం గతీ అంతే. దాన్ని పంపడానికి ముందు రోజే అమెరికా ఆకాశంలో ఎత్తున అణుపరీక్ష చేసింది. ఆ రేడియేషన్ దెబ్బకు ట్రాన్సిస్టర్లు పాడై 1963 ఫిబ్రవరికల్లా మూగబోయింది. చప్పుడు లేకుండా ఇప్పటికీ భూమి చుట్టూ తిరుగుతూనే ఉంది.

మైకు సెట్ అబ్బాయికి పెన్‌డ్రైవ్ ఇచ్చాను. మూడు నిమిషాల పైచిలుకు ఉంటుంది. చివర్లో మాటల్లేకుండా ఒక మనిషి గొంతు కలుస్తుంది, వినండి. బాబూ, సౌండు కాస్త ఎక్కువే పెట్టు. ఎర్ర లైటు వెలిగినా ఫరవాలేదు.