ఫోనులో చూసి వండుదాం, ఉప్పు మన చెంచాతో కొలుద్దాం
(చిట్టమూరు ఆరోగ్య అవగాహన సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



బి.పి., షుగరు ఉన్నవారితో ఆహారం గురించి మాట్లాడిన ప్రతిసారీ నాకు ఒక మాట వినిపిస్తుంది. "ఇంకేం తింటాం సిస్టర్, చప్పిడి కూడే కదా!" ఆ మాటలో కోపం కన్నా దిగులు ఎక్కువ. మాత్రలు మింగడానికి ఎవరూ పెద్దగా బాధపడరు. కంచం ముందు కూర్చున్నప్పుడే రోగం గుర్తుకు వస్తుంది.

చాలా ఇళ్ళలో జరిగేది ఏమిటంటే, డాక్టరు గారు ఉప్పు తగ్గించమన్న రోజు నుంచి పొయ్యి మీద రెండు గిన్నెలు ఎక్కుతాయి. ఒకటి ఇంటిల్లిపాదికి, ఒకటి రోగికి. రోగి గిన్నెలో ఉప్పుతో పాటు పోపు, పులుపు, కొత్తిమీర కూడా మాయమవుతాయి. వారం రోజులు ఓపిక పడతారు. ఎనిమిదో రోజు ఆయన పక్క గిన్నెలోంచి పులుసు పోసుకుంటారు, పైన ఎండుచేప, అప్పడం, ఆవకాయ. మూడు నెలలకు బి.పి. మళ్ళీ మొదటికే వస్తుంది. రెండు గిన్నెల వంట నాకు నచ్చదు. వండే ఇల్లాలికి రెట్టింపు చాకిరీ, తినేవారికి వెలివేసినట్టు. ఒకే గిన్నె ఉండాలి, అది అందరికీ రుచిగా ఉండాలి. ఇందుకు మీ చేతిలోని ఫోను సాయం చేస్తుందని చెప్పడానికే ఈ రోజు వచ్చాను.

ఫోనులో వంటలు చూడటం కుర్రకారు పని అనుకోకండి. హైదరాబాదుకు చెందిన సంజయ్ తుమ్మ గారు 2007 నుంచి ఇంటర్నెట్టులో వంటలు నేర్పుతూ వచ్చారు. తెనాలి దగ్గర గుడివాడ గ్రామానికి చెందిన మస్తానమ్మ గారి సంగతి మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. నూరేళ్ళు దాటిన వయసులో, 2016 నుంచి, పొలం గట్టున కట్టెల పొయ్యి మీద ఆమె వండుతుంటే దేశదేశాల వాళ్ళు చూశారు. పుచ్చకాయ డొల్లలో కోడికూర వండి చూపించారు. 2018 డిసెంబరులో కన్నుమూశారు. ఆ వయసులో ఆమె కొత్త వంట చేయగలిగినప్పుడు అరవై ఏళ్ళకే మనకు చేత కాదంటే ఎలా?

రొయ్యల గుంటల దగ్గర కాపలా పనిచేసే ఒక అన్న గురించి చెబుతాను. భార్య లేరు, పిల్లలు దూరాన ఉన్నారు. మూడు పూటలా హోటలు పార్సిలే. షుగరు ఎంతకీ దిగలేదు. మనవడు ఒక సెలవుల్లో వచ్చి ఆయన ఫోనులో కొర్రల పులిహోర చూపించి వెళ్ళాడు. మొదటిసారి ముద్దయింది. రెండోసారి నీళ్ళు తగ్గించి, కొర్రలు ముందు నానబెట్టి వండారు, పలుకుగా వచ్చింది. ఇప్పుడు వారానికి ఒక కొత్త వంట చేస్తారు, పక్క గుంట కాపలాదారుకు కూడా పెడతారట. షుగరు అదుపులోకి వచ్చింది. మాత్రలు మానలేదు, అది గమనించండి. కొర్రలైనా పిండిపదార్థమే. అన్నం మానేశాం కదా అని గిన్నెడు తింటే లాభం లేదు.

ఇక వంట ఎలా ఎంచుకోవాలి? ముందు చివరిదాకా ఒకసారి చూడండి. సగం కొలతతో మొదలుపెట్టండి, చెడినా సగమే పోతుంది. వాళ్ళు "రుచికి సరిపడా ఉప్పు" అంటారే, మన కష్టమంతా అక్కడే. రోజుకు ఒక మనిషికి 5 గ్రాములు, అంటే తలకొట్టిన ఒక టీ చెంచా ఉప్పు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ, హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ చెబుతున్నాయి. పచ్చడి, ఎండుచేప, అప్పడం అన్నీ ఆ చెంచాలోనివే. ఫ్రైడ్ రైస్, నూడుల్స్ వంటల్లో పోసే సోయా సాస్ ఒక పెద్ద చెంచాలోనే రెండు గ్రాములకు పైగా ఉప్పు ఉంటుంది. అందుకే సాసులు పోసే వంటలు బి.పి. వాళ్ళు చూసి ఆనందించడానికే. నూనె విషయానికొస్తే మనిషికి నెలకు అర లీటరు చాలు. నలుగురున్న ఇంటికి రెండు లీటర్లు. వీడియోలో నూనె గరిటెలతో పోస్తారు, అది కెమెరాకు మెరవడానికి. గిన్నెలు ఎవరు తోముతారో కూడా చూపించరు లెండి.

ఒక హెచ్చరిక. వంటలతో పాటు "ఈ రసం తాగితే షుగరు పోతుంది" అనే వీడియోలు కూడా వస్తాయి. 2010లో ఢిల్లీలో ఒక శాస్త్రవేత్త సొరకాయ, కాకరకాయ కలిపిన పచ్చి రసం తాగి మరణించారు. సొరకాయ ఒక్కోసారి చేదెక్కుతుంది. ఆ చేదులో విషం ఉంటుంది. కాకర చేదులో అది కలిసిపోతే నాలుకకు తెలియదు. తరువాత భారత వైద్య పరిశోధనా మండలి నిపుణుల కమిటీ కూడా చేదు సొరకాయ రసం తాగవద్దని చెప్పింది. సొరకాయ కోసినప్పుడు చిన్న ముక్క నాలుకకు తాకించి చూడండి, చేదైతే ఉమ్మేసి కాయ పారేయండి. అలాగే సోడియం తక్కువ ఉప్పు అని అమ్మేదానిలో పొటాషియం ఉంటుంది. కిడ్నీ జబ్బు ఉన్నవారు, కొన్ని రకాల బి.పి. మాత్రలు వాడేవారు డాక్టరు గారిని అడగకుండా వాడకూడదు.

మన చేపల పులుసు మానమని నేను ఎవరికీ చెప్పను. నెల్లూరు వాళ్ళకు ఆ మాట చెప్పి లాభమూ లేదు. నలుగురికి అరకిలో చేప తీసుకోండి, వంజరమైనా బొమ్మిడాయిలైనా సరే. చేప కడగడానికి రుద్దిన ఉప్పు బాగా కడిగేయండి. నాలుగు టీ చెంచాల నూనెలో మెంతులు, కరివేపాకు, ఉల్లిపాయ, పచ్చిమిర్చి వేయించి, టమోటా, చింతపండు పులుసు పోసి, పచ్చి మామిడికాయ ముక్కలు వేయండి. చేప ముక్కలు వేసి ఉడికాక, ఆఖరున ఒక్క టీ చెంచా ఉప్పు తలకొట్టి వేయండి. పులుపు, మెంతి వాసన బాగుంటే ఉప్పు తక్కువైన సంగతి నాలుక అంతగా పట్టించుకోదు. కూరగాయల వంటల్లో అయితే దించాక గూడూరు నిమ్మకాయ ఒక చెక్క పిండితే అదే పని చేస్తుంది. ఉదయం వండి సాయంత్రం తింటే పులుసు ఇంకా బాగుంటుందని మీకు నేను చెప్పక్కరలేదు. ఎండాకాలంలో మాత్రం మధ్యలో ఒకసారి బాగా మరగనివ్వండి.

ఇలా వండిన పులుసు ఈ రోజు వరండాలో ఉంచాము. రుచి చూసి, ఎవరికి ఉప్పు చాలలేదో మొహమాటం లేకుండా చెప్పండి. వచ్చే నెల సమావేశానికి మీరు ఫోనులో చూసి వండిన ఒక వంట తెండి. ఎన్ని చెంచాల ఉప్పు, నూనె వేశారో చిన్న కాగితం మీద రాసుకుని రండి.