పాటలు దాచిన పాస్టరు

ఇంగ్లండ్‌లోని డెవన్ ప్రాంతంలో లూ ట్రెంచర్డ్ అనే పల్లె ఉంది. 1881 నుంచి 1924లో కన్నుమూసేదాకా ఆ ఊరి చర్చికి పాస్టరు సబీన్ బేరింగ్-గూల్డ్. అంతకుముందు, 1865లో, హార్బరీ అనే ఊళ్లో ఉండగా బడిపిల్లల ఊరేగింపు కోసం ఆయన రాసిన ‘ఆన్‌వర్డ్ క్రిస్టియన్ సోల్జర్స్’ కీర్తన ప్రపంచమంతా పాకింది. పేరు తెచ్చింది అదే. కానీ నా దృష్టిలో ఆయన చేసిన పెద్ద పని వేరు.

1888 నుంచి ఆయన పల్లెపాటల వేటలో పడ్డారు. వాటిని పాడేది ఎవరు? రోడ్డు పక్కన కంకర కొట్టే ముసలివాళ్లు, చేలకు కంచెలు కట్టే కూలీలు. చాలామందికి చదువు రాదు, పాటలు మాత్రం కంఠతా వచ్చు. పాస్టరుగారు వాళ్ల గుడిసెలకు వెళ్లారు, తన ఇంటికీ పిలిపించుకున్నారు. ఆయన మాటలు రాసుకుంటే, ఫ్లీట్‌వుడ్ షెపర్డ్, బసెల్ అనే మిత్రులు స్వరాలు రాశారు. అలా 1889లో ‘సాంగ్స్ అండ్ బాలడ్స్ ఆఫ్ ద వెస్ట్’ మొదటి భాగం వెలువడింది.

అచ్చులో మోటు మాటలను ఆయన మార్చేశారు. ఆనాటి మర్యాద అలాంటిది. అయినా విన్నది విన్నట్టు రాసుకున్న ప్రతులను చించెయ్యలేదు. అందుకు ఆయనకు ఎంతైనా రుణపడి ఉండాలి.

ఎన్నో పుస్తకాలు రాసినా, తన జీవితంలో ముఖ్యమైన పని ఈ పాటల సేకరణేనని ఆయన భావించారు. మీ ఊళ్లో నాట్ల పాటలు, దంపుళ్ల పాటలు వచ్చిన పెద్దవాళ్లుంటే, దయచేసి ఈ వారమే వెళ్లి రికార్డు చేసుకోండి.