రూపు మారిన పుస్తకము - చెడిన అక్షరము
(సంఘ సభ్యుల సమావేశమునందు చేసిన ప్రసంగ పాఠము)



మేము వర్తకులము. మెట్రిక్యులేషనుతో మా చదువు ముగిసినది. కంప్యూటరు విద్యను గూర్చి ఉపన్యసించు పాండిత్యము మాకు లేదు. అయినను ఒక చిన్న పుస్తకము మాకు నేర్పిన పాఠమును మీకు విన్నవించుట మా విధి యని తలంచితిమి.

మన సంఘ స్త్రీలు కొన్నియేండ్ల క్రిందట పెండ్లిపాటలను, బతుకమ్మ పాటలను కూర్చి చిన్న పుస్తకముగా అచ్చు వేయించిరి. ప్రతులన్నియు చెల్లిపోయినవి. పుణెలో ఉద్యోగము చేయుచున్న మన బిడ్డ యొకతె, తన పెండ్లికి ఆ పాటలు కావలెననియు, ఫోనులో చదువుకొనునట్లు పంపుడనియు కోరినది. అచ్చుకూటమువారి యొద్ద పాత ఫైలు దొరకినది. గంటలో ముగియు పని యనుకొంటిమి. మూడు వారములు పట్టినది.

ఫైలు తెరచి చూడగా తెలుగే లేదు. ఆంగ్లాక్షరములు, చుక్కలు, గీతలు కనబడినవి. ఆ కాలమున అచ్చుకూటములందు పేజ్‌మేకరులో అను ఫాంటుల వంటివానితో కూర్చెడివారు. ఆ పద్ధతిలో ఆంగ్లాక్షరపు స్థానమున తెలుగు అక్షరపు బొమ్మను కూర్చుండబెట్టుదురు. ఫాంటు ఉన్నంతవరకు తెలుగు కనబడును; అది లేనిచోట అడుగుననున్న ఆంగ్లాక్షరము బయటపడును. జొన్నల బస్తాపై కందుల చీటి అంటించినట్లన్నమాట. 1991లో వెలువడిన యూనికోడు తొలి ప్రమాణమునందే తెలుగునకు సొంత స్థానములు కలవు. అందు 'క్ష' యనగా క, పొల్లు, ష అను మూడు గుర్తులు. వానిని కలిపి చూపుట ఫాంటు పని. కావున పాత ఫైలును మొదట యూనికోడునకు మార్చవలెను. ఒక ఫాంటునకై చేసిన మార్పిడి సాధనము వేరొక ఫాంటునకు పనికిరాదని కూడ గ్రహించవలెను.

మేము దగ్గరి దారి యని పి.డి.ఎఫ్. ప్రతినే మార్చ యత్నించితిమి. పాటల పాదములు ఒకదానితో నొకటి కలిసిపోయినవి. పుట సంఖ్యలు పల్లవి నడుమ వచ్చి కూర్చున్నవి. పి.డి.ఎఫ్. కాగితమునకు నకలు. ఏ అక్షరము పుటలో ఎచ్చట నున్నదో దానికి తెలియును గాని, చరణమెచ్చట ముగిసినదో తెలియదు. ఈపబ్ అట్లు గాక, తెర వెడల్పును బట్టి పంక్తులను సర్దుకొనును. ఈ మార్పిడికి కోవిద్ గోయల్ 2006లో ఆరంభించిన కాలిబర్ అను ఉచిత సాధనము కలదు. పి.డి.ఎఫ్. నుండి మార్చుట మిక్కిలి కష్టమని దాని సూచనలే హెచ్చరించుచున్నవి. యూనికోడు ప్రతియందు ప్రతి పాదము చివర పంక్తి విరుపు నుంచి, శీర్షికలను చేతితో పెద్దవి చేయక హెడింగులుగా గుర్తించినచో, విషయసూచిక తనంతట తానే ఏర్పడును. పంక్తులను కలిపివేయు సదుపాయమును పాటలకు వాడరాదు.

తరువాత ఒక ఫోనులో అక్షరములకు బదులు గడులు కనబడినవి. ఉచితముగా లభించు నోటో, మండలి వంటి తెలుగు ఫాంటును పుస్తకమునందే పొదిగినచో ఈ బాధ తీరును. ఒత్తులు అప్పటికిని విడిపోయి కనబడినచో దోషము చదువు యాప్‌ది. వేరొకదానిలో తెరచి చూడవలెను.

ఇక కంటికి కనబడని గుర్తు ఒకటి కలదు. పొల్లు తరువాతి అక్షరము ఒత్తుగా మారకుండ అది ఆపును. మార్పిడిలో అది రాలిపోగా మన కిన్‌వట్ 'కిన్వట్' అయినది. దెగ్‌లూర్ 'దెగ్లూర్' అయినది. ఊరి పేరు గనుక మనము పోల్చుకొంటిమి. పాటలోని పాత మాటకు అట్లు జరిగినచో ఎవరు పోల్చగలరు?

సోదరులారా, అదియే జరిగినది. ఒక అప్పగింత పాటలో రెండు మాటలు మాయమైనవి. ఆ పాట చెప్పిన పెద్దమ్మగారు కాలము చేసి రెండేండ్లయినది. అడుగుటకు మనిషి లేదు. తుదకు ధర్మాబాదులో ఒక యింటి పెట్టెలో అచ్చు ప్రతి దొరకినది. దానిని చూచి దిద్దితిమి. పెండ్లికి నాలుగు దినముల ముందు పుస్తకము పుణె చేరినది. ఆ ప్రతియే దొరకకున్న ఆ రెండు మాటలు శాశ్వతముగా పోయి యుండెడివి.

కావున మా మనవి యిది. అచ్చు ప్రతిని పారవేయకుడు. తప్పులు దిద్దిన యూనికోడు ప్రతి నొకదానిని భద్రపరచుడు. ఏ రూపమునకైనను దానినుండియే మార్చుడు. మార్చినదానిని మరల మార్చినచో దోషములు పెరుగును. రూపములు వచ్చిపోవుచుండును. కిండిల్‌కు ఫైళ్లు పంపు సేవలో అమెజాన్ 2022లో ఈపబ్‌ను అంగీకరించి, తరువాత మోబి ఫైళ్లను తీసికొనుట మానివేసినది. మూలము మనయొద్ద నున్నచో నష్టము లేదు.

సరకు చేతులు మారినపుడెల్ల తూకము చూచుకొనుట వర్తక ధర్మము. ఇచ్చట తూకమనగా, అచ్చు ప్రతిని ఒకరు పైకి చదువుచుండ మరియొకరు తెరపై సరిచూచుటయే. మన నాందేడు పిల్లలు బడిలో మరాఠీ చదువుదురు. వారిలో పెక్కురకు తెలుగు అక్షరము కనబడునది ఫోనులోనే. అచ్చట ఒత్తు విరిగి కనబడినచో, తెలుగు అట్లే యుండును కాబోలునని వారనుకొందురు. అందుచేత ప్రతి కుటుంబమును తన యొద్దనున్న పాత పుస్తకములను, సంచికలను సంఘ కార్యాలయమునకు తెచ్చి చూపవలెననియు, కంప్యూటరు తెలిసిన యువకులు ఇద్దరు, పాటలు తెలిసిన పెద్దలు ఇద్దరు ఈ పనికై ముందుకు రావలెననియు కోరుచు సెలవు గైకొనుచున్నాము.