గోల్ఫు మైదానపు ద్వారము

లాడ్ బజారు సమీపమున గాజుల దుకాణము నడుపుకొను శ్రోత యొకరు గడచిన నెలలో మాకొక ఉత్తరము వ్రాసిరి. ఉత్తరము చిన్నది. వారి పదునాలుగేండ్ల కుమారుడు గోల్ఫు ఆటను చూచి, తానును ఆడవలెనని పట్టుపట్టియున్నాడట. "మేము పాతబస్తీ వారము. ఆ ఆట మాకు తగునా తగదా యని మిమ్ము అడుగుట లేదు. ఎంత వ్యయమగును, ఎచ్చట నేర్పుదురు, మావానిని లోనికి రానిత్తురా, ఈ మూడు సంగతులు చెప్పినచో చాలును" అని వారు ముగించిరి. శ్రోతల ఉత్తరములకు రెండేసి నిమిషములలో బదులు చెప్పు కార్యక్రమమున దీనిని ఇముడ్చుట మాకు చేతకాలేదు. మొదటి రెండు ప్రశ్నలు సులభములే. మూడవదానికై కొంత తిరుగవలసి వచ్చినది. అందుచేత ఈ ప్రసంగము.

ఆటను ఎఱుగనివారికై ముందు నాలుగు మాటలు. గుంట త్రవ్వి అందులో గోళీని పడవేయు వేడుక తెలియని బాలుడు మన గల్లీలలో లేడు. గోల్ఫు మూలమున అంతే. బంతి వ్యాసము 42.67 మిల్లీమీటర్లకు తగ్గరాదు, బరువు 45.93 గ్రాములకు మించరాదు. గుంట వెడల్పు 108 మిల్లీమీటర్లు. ఆ బంతిని కఱ్ఱతో కొట్టుచు, వీలైనంత తక్కువ దెబ్బలతో గుంటలో పడవేయవలెను. అట్టి గుంటలు పదునెనిమిది. మొదటి దెబ్బ కొట్టుచోటి నుండి గుంట నూటయేబది మీటర్ల దూరముండవచ్చును, ఐదువందల మీటర్లును ఉండవచ్చును. అన్నియు ముగియుసరికి ఆటగాడు ఆఱేడు కిలోమీటర్లకు తక్కువ కాకుండ నడచును. నాలుగు గంటల కాలము గడచును. గోళీలకును గోల్ఫునకును గల భేదమంతయు గుంటకును గుంటకును నడుమనున్న నేలలో నున్నది.

ఆ నేల లెక్కను కొంచెము చూతము. పదునెనిమిది గుంటల మైదానమునకు సాధారణముగా నూఱు మొదలు నూటయేబది ఎకరముల వఱకు పట్టును. నలుగురేసి ఆటగాండ్ర జట్టు పది నిమిషముల కొకటి చొప్పున బయలుదేరునని అనుకొందము. మన వేసవిలో ఎండ ముదురకమునుపే ఆడవలెను గదా! ఉదయము ఆఱు మొదలు పండ్రెండు గంటల వఱకు 36 జట్లు, అనగా 144 మంది. అదే 120 ఎకరములను ఫుట్‌బాల్ మైదానములుగా విభజించి, ఒక్కొక్కదానికి ధారాళముగా రెండెకరములు విడిచినను, 60 మైదానములగును. ఒకే సమయమున 1,320 మంది ఆడవచ్చును. గోల్ఫును నిందించుటకై మేమీ లెక్క వేయలేదు. అన్ని ఎకరముల పచ్చిక, దానికి దక్కను రాతినేలపై వేసవి పొడవునను పెట్టవలసిన నీరు, కోత యంత్రములు, మాలీల జీతములు, ఇవన్నియు ఆ కొద్దిమంది మీదనే పడును. ఆట ఖరీదైనదగుటకు మొదటి కారణమిదే.

ఫుట్‌బాల్ మాట వచ్చినది కావున ఒక సంగతి చెప్పక విడువలేము. 1950 మొదలు 1954 వఱకు వరుసగా ఐదు పర్యాయములు రోవర్స్ కప్పు గెలిచిన హైదరాబాదు నగర పోలీసు జట్టును పాతబస్తీ పెద్దలు నేటికిని తలచుకొందురు. ఆ జట్టును తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీమ్‌గారి శిక్షణలోనే భారతజట్టు 1951లోను 1962లోను ఆసియా క్రీడల బంగారు పతకములను తెచ్చినది. బార్కస్ బాలురకు ఒక బంతియు, నలుచదరపు నేలయు ఉన్నచో చాలును. ఎవరి అనుమతియు అక్కరలేదు. గోల్ఫునకు ఆ సౌలభ్యము లేదు.

ఇక ఆటగాని సొంత వ్యయము. నియమావళి ప్రకారము ఒకనియొద్ద పదునాలుగు కఱ్ఱల వఱకు ఉండవచ్చును. పదునాలుగును కొనవలసిన పని లేదు. నేర్చుకొనువానికి మూడు నాలుగు చాలును. ఒకరు వాడి విడిచినవి సగము వెలకే దొరకును. బంతుల సంగతి వేఱు. మేలిరకపు బంతి ఒక్కటి నాలుగైదు వందల రూపాయలు. అది నీటిలో పడినచో, మదీనా చౌరస్తాలో ఇద్దరు బిర్యానీ తినుటకు చాలు సొమ్ము నీటిపాలైనట్లే. మైదానమున అడుగు పెట్టుటకు రుసుము, సంచి మోయు కాడీకి కూలి, నేర్పువారికి గంటకింతయని మఱికొంత. ఇవన్నియు ఆదివారమున ఒక ధర, పనిదినములలో ఒక ధర. పేరుగల క్లబ్బులలో సభ్యత్వమునకు చెల్లింపు లక్షలలో మాట.

అయినను సొమ్ము ఒక్కటే అడ్డమైనచో, కూడబెట్టి దాటవచ్చును. మేము దూరపు పెద్ద నగరములోని ఒక క్లబ్బునకు, దాని పేరు ఇచ్చట అనవసరము, ఫోను చేసి రుసుములడిగితిమి. మాటలాడిన వ్యక్తి మర్యాదస్థుడే. కాని రుసుము చెప్పుటకు ముందు అతడడిగిన ప్రశ్న ఇది: "మీరు ఎవరి తాలూకు?" మేము ఎవరి తాలూకును కామని చెప్పితిమి. "సభ్యులెవరైన తీసికొని వచ్చినప్పుడు రండి" అని చెప్పి అతడు ఫోను పెట్టివేసెను. మా శ్రోత మూడవ ప్రశ్నను ఎందుకు విడిగా అడిగిరో అప్పుడు మాకు బోధపడినది.

మన నగరమున గచ్చిబౌలి, ఆపై బొలారము ప్రాంతములలో గోల్ఫు మైదానములున్నవి. బొలారములోనిది సైన్యము వారిది. పాతబస్తీకి చేరువలోనున్నదియు, మనసున కెక్కువ పని పెట్టునదియు గోలకొండ నయాఖిల్లాలోని మైదానము. చార్మినారు నుండి బయలుదేరి, 1578లో కట్టిన పురానాపూల్ దాటి, కార్వాన్ మీదుగా పోయిన పాత త్రోవ గోలకొండకు చేరును. హైదరాబాదు నగరము పుట్టినది 1591లో. నగరమునకంటె ముందు వంతెన పుట్టిన చిత్రము మనకే చెల్లినది. 1656లో మొగలుసేనలు కోటను ముట్టడించిన పిమ్మట, శత్రువు ఫిరంగులకు అనువైన గుట్టను లోపలికి చేర్చుకొనుటకై అబ్దుల్లా కుతుబ్‌షా అదనపు ప్రాకారమును కట్టించెను. అదే నయాఖిల్లా, అనగా కొత్తకోట. దాని లోపల ఇబ్రహీం కుతుబ్‌షా కాలపు మసీదులున్నవి. ఇంకను ముఖ్యముగా, హతియాన్ కా ఝాడ్ అని పిలువబడు మహావృక్షమున్నది. ఏనుగుల చెట్టని అర్థము. ఆఫ్రికా ఖండపు బావోబాబ్ జాతి. వయస్సు నాలుగు వందల ఏండ్లకు పైబడినదందురు. మొదలు చుట్టుకొలత సుమారు 27 మీటర్లు. మొదలు లోపలి తొఱ్ఱ మనుష్యులు దూరి కూర్చుండదగినంత పెద్దది. దానిని చూచిన బాలుడు ఆ రాత్రి నిద్రపోవునని మేమనుకొనము.

ఈ కోటలోపలనే నేడు పదునెనిమిది గుంటల గోల్ఫు మైదానము పఱచుకొనియున్నది. దేశమునందలి వృత్తి ఆటగాండ్ర పోటీలు ఇచ్చట జరిగినవి. బూడిదరంగు ప్రాకారముల నడుమ ఆ పచ్చదనము చూడ ముచ్చటయే. కాని కోట కేంద్ర పురావస్తు శాఖ రక్షణలోని కట్టడము. కావున మైదానము వచ్చిన నాటినుండియు చరిత్రాభిమానులు ఆక్షేపించుచునే యున్నారు. ఒకటి, నేలను త్రవ్వి సవరించుటవలన పాత నిర్మాణములకు హాని కలుగునని. రెండు, చెట్టును, మసీదులను, బురుజులను చూడవచ్చు సామాన్యులకు దారి ఇఱుకగునని. మైదానము లేకున్నచో ఆ నేల ఎన్నడో ఆక్రమణల పాలయ్యెడిదని వాదించువారును కలరు. ఈ నగరపు చెఱువులకు పట్టిన గతి చూచినవారు ఆ వాదమును త్రోసివేయలేరు. అయినను, ఒక వస్తువును కాపాడుటయు, దానికి తలుపు బిగించుటయు వేఱువేఱు పనులని మాకు తోచుచున్నది.

ఈ ఆటకు అంతటను ద్వారపాలకులు తప్పరా యని విచారింపగా, దాని పుట్టినింటి సంగతి మమ్ము ఆశ్చర్యపఱచినది. స్కాట్లండులోని సెంట్ ఆండ్రూస్ పాత మైదానముకంటె ప్రతిష్ఠ గల గోల్ఫు స్థలము లోకమున లేదు. అది ఏ క్లబ్బు సొత్తును కాదు; ఆ ఊరి ఉమ్మడి నేల. అచ్చట ఆడుకొనుటకు పురజనులకు గల హక్కును 1552లో అచ్చటి ఆర్చిబిషప్పు పత్రముపై అంగీకరించెను. 1913 వఱకు పైవారును, 1946 వఱకు ఊరివారును అచ్చట రుసుము లేకుండ ఆడిరి. నేడు ఊరివారు స్వల్పమైన సంవత్సర చందాతో ఆడుదురు. పైనుండి వచ్చువాడు వేసవి దినములలో ఒక్క ఆటకు 2025 ధరల ప్రకారము 340 పౌండ్లు, మన సొమ్ములో నలుబది వేల రూపాయలకు చేరువగా, చెల్లింపవలెను. అది అల్పము కాదు. కాని పేరు చీటీలలో వేయుదురు; చీటీ ఎవరి పేర వచ్చిన వారు ఆడుదురు. ఎవరి తాలూకని అడుగరు. ఆదివారములలో ఆట నిలిపివేయుట వాడుక. ఆనాడు పిల్లలు, ముసలివారు, కుక్కలను వెంటబెట్టుకొన్నవారు ఆ పచ్చికపై నడచి పోవుచుందురు. లోకమున మిక్కిలి పేరుగన్న మైదానము ఆఱు దినములు ఆటగాండ్రది, ఏడవ దినము ఊరిది!

అన్నిచోట్ల అట్లే యని చెప్పబోము. అమెరికాలో అగస్టా నేషనల్ అను క్లబ్బునందు పిలుపు లేనిదే సభ్యత్వము లేదు. స్త్రీలను మొదటిసారిగా చేర్చుకొనినది 2012లో. సెంట్ ఆండ్రూస్‌లోని ప్రసిద్ధ గోల్ఫు సంఘమే స్త్రీలకు తలుపు తెఱచినది 2014లో. మైదానము ఉమ్మడిదైనను సంఘము ఇట్లుండెను. మన దేశములోను ఢిల్లీ గోల్ఫు క్లబ్బు ప్రభుత్వపు కౌలు నేలపై నున్నది. దాని పచ్చికలో పాత సమాధులున్నవి. సభ్యత్వమునకై దశాబ్దములు వేచినవారి కథలు అచ్చట సామాన్యములు. కాని అదే ఢిల్లీలో, కుతుబ్ మినారుకు చేరువనున్న లాడోసరాయిలో, ఢిల్లీ అభివృద్ధి సంస్థ సభ్యత్వముతో పనిలేని మైదానము నొకటి నెలకొల్పినది. దేశములో ప్రజలకై ఏర్పడిన మొదటి గోల్ఫు మైదానమదే యందురు. రుసుము చెల్లించి ఎవరైనను ఆడవచ్చును. కుతుబ్‌షాహీల నగరమునకును అట్టిదొకటి కావలసియున్నది.

ముందు ద్వారమున రానిచ్చినను రానీయకున్నను, ఈ ఆటలో ప్రక్క ద్వారమున వచ్చి పేరు పొందినవారు మన దేశమున కలరు. 1991లో ఇండియన్ ఓపెన్ గెలిచిన మొదటి భారతీయ వృత్తి ఆటగాడు అలీ షేర్ కాడీగా ఇతరుల సంచులు మోసి ఆట నేర్చినవాడు. 2009లో అదే పోటీ గెలిచిన చిన్నస్వామి మునియప్పయు అట్టివాడే. ఎస్.ఎస్.పి. చౌరాసియా తండ్రి కలకత్తాలోని రాయల్ క్లబ్బులో పచ్చిక సంరక్షకుడు. 1829లో వెలసిన ఆ క్లబ్బు బ్రిటిషు ద్వీపములకు వెలుపల మిక్కిలి పాతదని ప్రసిద్ధి. మాలీ కొడుకు ఆ పచ్చికమీదనే ఆట పట్టువడజేసికొని, 2008లో ఇండియన్ మాస్టర్స్ గెలిచెను. 2016, 2017లలో ఇండియన్ ఓపెన్ వరుసగా గెలిచెను. ఈ కథలను మనము గర్వముతో చెప్పుకొందుము. గర్వింపదగినవే. అయినను ఆట నేర్చుటకు ఒక బాలుడు మొదట మఱియొకని సంచి మోయవలసి వచ్చుట మాకు పూర్తిగా రుచింపలేదు.

మా శ్రోతకు మేము వ్రాసిన జాబు సారాంశమిది. మొదట కఱ్ఱలు కొనకుడు. పనిదినమున కుఱ్ఱవానిని అభ్యాసస్థలమునకు తీసికొని పొండు. మైదానములో ఆడనక్కరలేదు, ఒకచోట నిలిచి బంతులు కొట్టుటకు మాత్రమే రుసుము చెల్లింతురు. అది పెద్ద మొత్తము కాదు. కఱ్ఱను అద్దెకిమ్మని అడుగుడు. నూఱు బంతులు కొట్టిన పిమ్మటను వానికి మనసున్నచో, ఏడవ సంఖ్య ఇనుప కఱ్ఱ ఒకటి, వాడినదే, కొనుడు. బాలురకు వేఱు రుసుము గలదేమో తప్పక అడుగుడు; అడుగనివారికి చెప్పు అలవాటు అన్నిచోట్ల లేదు. ఎవరి తాలూకని ప్రశ్నించినచో, నా కొడుకు నా తాలూకే యని చెప్పుడు. ఆ దినముననే ఏనుగుల చెట్టును కూడ చూపుడు. దానికి గోల్ఫు రానక్కరలేదు.

వారి ప్రత్యుత్తరము మొన్న వచ్చినది. ఆదివారము బేరముల దినము గనుక దుకాణము మూయుటకు వీలులేదట; శుక్రవారము నమాజు ముగిసిన వెంటనే తండ్రికొడుకులు స్కూటరుపై పురానాపూల్ దారిన గోలకొండకు పోవుదురట. కుఱ్ఱవాడు ఇప్పటికే మేడపై చీపురుకట్టను తిరుగవేసి పట్టి, నిమ్మకాయలను కొట్టుచున్నాడని, ప్రక్కింటివారు ఫిర్యాదు చేసిరని వ్రాసిరి. లోపల ఏమి జరిగినదో తెలుపుదుమనిరి. తెలిపినచో వచ్చు నెలలో మీకు వినిపింతుము.