ఇటాలియను క్రియలయందలి ఊనిక



మన మాటలు అచ్చుతో ముగియుటను బట్టి తెలుగును తూర్పుదేశపు ఇటాలియను అని పాశ్చాత్యులు కొందఱు కొనియాడిరి. ఆ పోలిక మనకు ప్రియమైనదే. కాని దానిని నమ్మి ఇటాలియనును తెలుగువలె చదువబోయినచో అర్థమే తాఱుమారగును. పలు, పాలు అనునపుడు మనకు హ్రస్వదీర్ఘములు అర్థమును వేఱుచేయును. ఇటలీవారికి పెక్కుచోట్ల ఆ పని చేయునది ఊనిక. అనగా ఒక అక్షరమును తక్కినవానికంటె బలముగా పలుకుట.

క-పి-త-నొ అను మాటను చూడుడు. మొదటి అక్షరమును ఒత్తి పలికిన 'అవి సంభవించుచున్నవి' అని అర్థము. మూడవదానిని ఒత్తినచో దళపతి. కడపటిదానిని ఒత్తినచో 'అతడు నాయకత్వము వహించెను'. అట్లే పర్లొ అనగా 'మాటలాడుచున్నాను'. ఊనిక తుదకు పోయినచో 'అతడు మాటలాడెను'. నేను పోయి అతడు వచ్చుటయే కాదు, వర్తమానము భూతమైనది! తుది ఊనికకు మాత్రము వారు అచ్చుపై చిన్న గీత గీయుదురు. తక్కిన చోట్ల గీత వ్రాయుట వాడుక కాదు; చదువరియే ఎఱిగియుండవలెను.

ముందు అక్షరములు విడదీయవలెను. పర్లొ అనుదానిలో హల్లులు రెంటిని మనము కలిపి వ్రాయుదుము. వారు పర్-లొ అని రేఫమును ముందటి అక్షరమునకు చేర్తురు. సంయుక్తమునకు ముందున్నది గురువగునను మన ఛందస్సు ఇందుకు దగ్గఱగానే యున్నది. జంట హల్లులును లెజ్-జె-రె (చదువుట) అని విడును. సకారము మాత్రము తరువాతి హల్లునే అంటియుండును: ఫి-ని-స్కొ, 'ముగించుచున్నాను'.

చివరినుండి రెండవ అక్షరముపై ఊనిక యని తఱచుగా చెప్పుదురు. నామములకు అది చాలవఱకు చెల్లును. క్రియలకు చాలదని నా అభిప్రాయము. వెదేరె (చూచుట) అనుదానియందు ఊనిక రెండవదానిపై నున్నది. స్క్రీవెరె (వ్రాయుట) అనుదానియందు మొదటిదానిపై. వారి లిపిలో దీర్ఘచిహ్నము లేదు గనుక రెంటికిని తుదివ్రాత ఒక్కటే. ఇట్టివానిని చెవితోనే నేర్వవలెను.

అసలు చిక్కు 'వారు' అను కర్తతో వచ్చును. పరదేశులు ఇచ్చటనే పర్లానొ అని తడబడుదురు. 'అతడు' రూపమును ముందు పలికి, ఊనికను కదలనీయక నొ చేర్చిన చాలును: పర్ల, పర్లనొ, ఆబిత (నివసించుచున్నాడు), ఆబితనొ. టెలిఫోను చేయుటకు తెలేఫొన, తెలేఫొననొ. ఇచట ఊనిక చివరినుండి నాలుగవ అక్షరమునకు చేరినది. 'మేము', 'మీరు' అనువానికి ఈ ఉపాయము పనికిరాదు. పర్ల్యామొ, పర్లాతె అని ఊనిక ధాతువును విడిచి ప్రత్యయముపైకి దిగును.