వేసవిలో గడ్డిమేటుకు నిప్పు భయము



దాళ్వా కోతలై గడ్డి మేట్లు వేసిన దినములలోనే మన సామర్లకోట ప్రాంతమున కాలువలు కట్టివేయుదురు. గడ్డి పెళపెళలాడుచుండును, ఆర్పుటకు నీరుండదు. ఈ రెండును ఒకే కాలమున కలియుటయే మన కష్టము. మేటు కాలినచో సార్వా గడ్డి చేతికి వచ్చువరకు పాడిపశువులకు మేత ఉండదు.

కావున కాలువ కట్టకముందే దగ్గరనున్న గుంట నింపుకొనండి. మేటువద్ద రెండు డ్రముల నీరు, కొన్ని గోనెసంచులు, పొడుగాటి కొంకికర్ర ఉంచవలెను. దూడలు త్రాగునని డ్రముకు మూత పెట్టవచ్చును గాని తాడు బిగించకండి. ఆ వేళకు ముడి ఊడదు.

మేటును ఇంటికి, పశువుల పాకకు కనీసము 60 అడుగుల దూరమున, కరెంటు తీగల క్రింద కాకుండ వేయవలెను. స్థలము చాలదందురు, నిజమే. అప్పుడు పెద్దది ఒకటి వేయుటకంటె చిన్నవి రెండు వేరు చోట్ల వేసినచో ఒకటియైనను దక్కును. పొయ్యి బూడిదను నీళ్ళు చల్లకుండ పెంటపై పోయకండి. అందులో నిప్పుకణిక రాత్రియంతయు బ్రతికియుండును.

ఎవరును నిప్పు పెట్టకుండనే కాలు మేట్లును కలవు. తడిగడ్డిని త్రొక్కి వేసినచో లోపల సూక్ష్మజీవులు పెరిగి వేడి పుట్టించును. ఆ వేడి సుమారు 70 డిగ్రీలు దాటినచో గడ్డి తనంతట తానే అంటుకొనవచ్చును. మేటునుండి ఆవిరియో, మాడు వాసనయో వచ్చినచో ప్రక్కనుండి గునపమును లోతుగా గ్రుచ్చి, పావుగంట తరువాత తీసి చూడండి. పట్టుకొనలేనంత వేడిగా నున్నచో మేటు విప్పరాదు. గాలి సోకగానే భగ్గుమనును. 101కు ఫోను చేసి, ఫైరింజను వచ్చిన పిమ్మటనే విప్పించవలెను. పైకి ఎక్కరాదు, లోపల కాలి గుల్లపడియుండిన మనిషి దిగబడిపోవును.

మంట లేచినచో ఒకరు 101కు ఫోను చేయుచుండగా మరొకరు పశువుల పలుపులు కోయవలెను. కొడవలి పాకలోనే ఉండవలెను. ఫైరింజనుకు దారి చూపుటకు మలుపువద్ద ఒక మనిషిని నిలపండి. మంటవద్దకు గాలి వచ్చు దిక్కునుండియే పోవలెను. బాగుగా అంటుకొన్న మేటుపై బిందెలతో పోసిన నీరు వృథా; ఆ నీటితో ప్రక్కయింటి చూరు తడపండి. తీగ తెగిపడినచో కరెంటు ఆపించువరకు నీరు పోయరాదు.

కోసిన చేలలో కొయ్యకాళ్ళను తగులబెట్టకండి. రవ్వ ఎగిరి పొరుగువాని మేటు చేరును. పైగా మన డెల్టాలో సహజవాయువు గొట్టములు పొలముల క్రిందుగా పోవుచున్నవి. 2014 జూన్ 27 తెల్లవారుజామున కోనసీమలోని నగరం గ్రామమున గెయిల్ గొట్టమునుండి వెలువడిన వాయువు అంటుకొని 20 మందికి పైగా మరణించిరి. ఇండ్లు, కొబ్బరిచెట్లు కాలిపోయినవి. గొట్టములలోని వాయువుకు అన్నివేళల వాసన ఉండదు. బుసమను శబ్దము, నీటిలో బుడగలు, పచ్చని పైరు నడుమ ఎండిన చాలు కనబడినచో అగ్గిపుల్ల గీయకండి, మోటారు స్విచ్చి వేయకండి. గాలి వచ్చు దిక్కునకు దూరముగా పోయి అక్కడనుండి ఫోను చేయండి. గొట్టము దారిలో పాతిన గుర్తుబోర్డుపై నంబరుండును. పొలమునకు పోయినప్పుడు దానిని వ్రాసికొని వచ్చి, ఇంటి గోడపై 101 ప్రక్కన వ్రాయించండి.